శిక్షతో ముగియని న్యాయం

కర్మాగారంలో యంత్రం విరిగినపుడు మనం రెండు పనులు చేస్తాం. విరగడానికి కారణమేమిటో కనుగొంటాం; విరిగిన భాగాన్ని బాగుచేస్తాం. మొదటిది పూర్తయినదని రెండవదానిని విడిచిపెట్టం. హింసాత్మక నేరాల విషయంలో మాత్రం మన న్యాయవ్యవస్థ చాలాకాలం మొదటి పనితోనే తృప్తి చెందింది. నేరస్థుడు జైలుకు వెళ్ళేవాడు. దెబ్బలు తిన్నవాడు సాక్షిగా బోనెక్కి, వాఙ్మూలమిచ్చి, ఇంటిదారి పట్టేవాడు. వైద్యానికి చేసిన అప్పు అతని నెత్తిమీదనే ఉండేది.

చట్టంలో మార్గం లేకపోలేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 357వ సెక్షన్ ప్రకారం జరిమానా సొమ్ములోనుండి బాధితునికి పరిహారం ఇప్పించవచ్చు; శిక్షలో జరిమానా లేనపుడు ముద్దాయి చేతనే చెల్లింపజేయవచ్చు. ఈ అధికారాన్ని న్యాయస్థానాలు అరుదుగా వినియోగిస్తున్నాయని 1988లో హరిసింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. గాయాల వలన మాట్లాడే శక్తి దెబ్బతిన్న వ్యక్తికి పరిహారాన్ని 50,000 రూపాయలకు పెంచుతూ, ఈ సెక్షన్‌ను ఉదారంగా ఉపయోగించవలసినదిగా అన్ని కోర్టులకు సూచించింది. 2013లో అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో మరొక అడుగు ముందుకు వేసి, ప్రతి క్రిమినల్ కేసులోను పరిహారం సంగతి ఆలోచించడం కోర్టు విధి అనీ, ఇచ్చినా నిరాకరించినా కారణాలు నమోదు చేయాలనీ తీర్పు చెప్పింది.

అయితే ముద్దాయి నిరుపేద అయితేనో? అసలు దొరకకపోతేనో? ఈ లోటును 357-ఎ సెక్షన్ తీర్చింది. 2009 డిసెంబరు 31న అమలులోకి వచ్చిన ఈ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వమే పరిహార పథకాన్ని ఏర్పాటు చేయాలి. ముద్దాయి చెల్లించేది చాలకపోయినా, కేసు కొట్టివేసినా, బాధితునికి పునరావాసం అవసరమని తోచినపుడు కోర్టు సిఫారసు చేయవచ్చు. నేరస్థుడెవరో తెలియక విచారణే జరగనపుడు బాధితుడు గాని, అతనిపై ఆధారపడినవారు గాని నేరుగా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ సంస్థ రెండు నెలలలో విచారణ ముగించాలి. యాసిడ్ దాడి బాధితులకు కనీసం 3 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. 2024 జులై 1 నుండి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇవే నిబంధనలు 395, 396 సెక్షన్లుగా కొనసాగుతున్నాయి.

ఇంత ఉన్నా, అడగనివారికి అందేది తక్కువ. పనిలో ప్రమాదం జరిగితే ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో మన కార్మిక సోదరులకు తెలుసు. వీధిలో కత్తిపోటు తిన్నవాని భార్యకు అది తెలియదు. ఆమె పోలీసు స్టేషనుకు, ఆసుపత్రికి మధ్య తిరుగుతూ, పరిహారమనేది ఒకటున్నదని కూడా ఎరుగక, నగలు కుదువ పెడుతుంది.

పోయిన ప్రాణానికి ఖరీదు కట్టలేమని కొందరు అంటారు. నిజమే. కాని పిల్లల బడి జీతానికి, ఇంటి అద్దెకు ఖరీదు ఉన్నది. అది ప్రతి నెలా చెల్లించవలసినదే.

కనుక పాఠకులకు మా విజ్ఞప్తి ఒక్కటే. మీ వాడలో ఇటువంటి ఆపద వచ్చిన కుటుంబం ఉంటే, ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని, వైద్య పత్రాలను, ఖర్చుల రసీదులను భద్రపరచమని చెప్పండి. దరఖాస్తు మీరే వ్రాసిపెట్టండి. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవల చట్టం కల్పించింది. జిల్లా కోర్టు ఆవరణలోని ఆ కార్యాలయం వరకు వారికి తోడుగా వెళ్ళడానికి మనకు ఒక సెలవు దినం చాలును.