ఇందిరా పార్కు చుట్టుపక్కల

ఈ డిసెంబరు సంచిక మీ చేతికందేసరికి హైదరాబాద్‌లో సభల కాలం మొదలై ఉంటుంది. 6న అంబేడ్కర్ వర్ధంతి. ట్యాంక్‌బండ్ విగ్రహం దగ్గరికి పిల్లాపాపలతో తరలివచ్చే జనాన్ని ఒక్కసారైనా చూడాలి. నెల రెండో సగంలో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన. పెద్ద ప్రచురణకర్తల స్టాళ్లు ఎలాగూ కంటబడతాయి. తమ కవితా సంపుటిని తామే బల్ల మీద పేర్చుకుని కూర్చున్న వాళ్ల దగ్గర కాసేపు ఆగండి. ఒక్క కాపీ కొన్నా వాళ్లకి ఎంత బలమో చిన్న పత్రిక నడిపే మాకు బాగా తెలుసు.

అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే ఇందిరా పార్కు దగ్గర, నిరసనలు జరిగే ధర్నా చౌక్. 2017లో దీన్ని మూసేస్తే, ఉద్యమకారులు హైకోర్టు దాకా వెళ్లి మరీ తెరిపించుకున్నారు. ఆశా కార్యకర్తలో, అంగన్‌వాడీ టీచర్లో టెంటు కింద సద్దిడబ్బాలు విప్పుకుని కూర్చుంటే, పుస్తకాల సంచీతోనే వెళ్లి పక్కన కూర్చోండి. జీతం ఎంతో, అది ఏ నెలది ఏ నెలలో వస్తుందో వాళ్ల నోటే వినాలి.

జనవరి మొదట్లో నాంపల్లి నుమాయిష్, 3న సావిత్రీబాయి ఫూలే జయంతి. 17న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల వర్ధంతి. 2016లో అతను దూరమైన బాధ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంకా పచ్చిగానే ఉంది. నాటకాలకి, పాటలకి, చర్చలకి బంజారాహిల్స్ లామకాన్, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉండనే ఉన్నాయి.

వెళ్లి వచ్చాక, అక్కడ విన్నది రాసి పంపండి. రాబోయే సంచికల్లో చోటు ఉంచాం.