మబ్బు మింగిన కొలత

సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగడాన్ని వేర్వేరు దేశాల నుంచి చూసి, సమయాల్లో తేడాను లెక్కగడితే సూర్యుడి దూరం తెలుస్తుంది. ఆ పని మీదే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త లెజాంతీ 1760లో పుదుచ్చేరికి బయల్దేరారు. దారిలో ఉండగానే ఊరు బ్రిటిష్‌వారి వశమైంది. 1761 జూన్ 6న ఆకాశం నిర్మలమే. కానీ ఊగే ఓడ మీద కొలత ఎక్కడ కుదురుతుంది? రెండో అవకాశం కోసం ఎనిమిదేళ్లు తూర్పు తీరాల్లోనే ఉండిపోయారు. 1769 జూన్ 4 ఉదయం పుదుచ్చేరిలో సరిగ్గా ఆ వేళకే మబ్బు కమ్మింది. 1771లో ఇల్లు చేరితే, చనిపోయారనుకుని ఆస్తి పంచుకోబోతున్న వారసులు ఎదురయ్యారు.

లెక్క మాత్రం ఆగలేదు. ఇతరుల పరిశీలనలతో అదే ఏడాది లాలాండ్ తేల్చిన దూరం దాదాపు 15.3 కోట్ల కిలోమీటర్లు. అసలుది 14.96 కోట్లు. 1838లో బెసెల్ ఆ దూరాన్నే కొలబద్దగా చేసుకుని దాదాపు పదకొండు కాంతి సంవత్సరాల అవతలి నక్షత్రాన్ని అందుకున్నారు.