'భ్రమరవాసిని' – మన పేట బాలికలు

విశ్వనాథ సత్యనారాయణగారు ప్రాచీన రాజవంశముల నాధారముగ జేసికొని మూడు నవలామాలికలను రచించిరి. పురాణవైర గ్రంథమాలలో 12 నవలలు, నేపాళ రాజవంశ చరిత్రలో 6, కాశ్మీర రాజవంశ చరిత్రలో 6 కలవు. ఈ కాశ్మీరమాలికలో కడపటిది 'భ్రమరవాసిని'. మన పాఠశాలలోని పై తరగతులవారు, అందును ముఖ్యముగ బాలికలు, దీనిని చదువవలయునని నా అభిప్రాయము. ఇది మాయలమంత్రముల కథ యనియు, భాష కఠినమనియు, కామాటిపుర చాళ్ళలో పెరుగు పిల్లలకు కాశ్మీరపు రాణులతో పనియేమనియు పెద్దలు కొందరు అడుగుచున్నారు. వారికి సమాధానముగ ఈ నాలుగు మాటలు.

ఈ కథకు మూలము కల్హణుని రాజతరంగిణి. 12వ శతాబ్దమున వెలసిన ఆ గ్రంథములో మూడవ తరంగమున రణాదిత్యుడను రాజు కథ వచ్చును. పూర్వజన్మమున అతడొక జూదరి. సర్వము నోడి, వింధ్యపర్వతములలో తుమ్మెదల నడుమ నివసించు దేవిని దర్శింప బయలుదేరెను. ఆ తుమ్మెదలు వజ్రమునైన తొలుచునట్టివి. వాడు ఇనుప కవచము తొడిగి, దానిపై తోళ్ళు కప్పి, మట్టియు పేడయు కలిపి మెత్తుకొని పోయెను. అన్నియు తొలువబడెను. కడకు కండయు పోయి, ఎముకలతో దేవి యెదుట బడెను. ఆమె జాలిపడి, వానికి మరల దేహమిచ్చి, వరము కోరుకొమ్మనెను. వాడు ఆమెనే కోరెను!

ఇచ్చిన మాట తప్పరాదు. మరుజన్మమున ఆ కోరిక తీరునని దేవి పలికెను. వాడు రణాదిత్యుడై పుట్టెను. ఆమె సముద్రతరంగములలో చోళరాజైన రతిసేనునకు దొరకి, రణారంభ యను పేర పెరిగి, కాశ్మీరమునకు రాణియై వెళ్ళెను. అయినను రాత్రివేళ తన రూపమునే పోలిన మాయాస్త్రీని శయ్యపై నుంచి, తాను తుమ్మెదయై వెలికి పోవుచుండెను.

ఈ భాగము నన్ను చాలకాలము వదలలేదు. ఆమె మాట నిలుపుకొన్నది. తన్ను మాత్రము ఇచ్చుకొనలేదు. రాజు చేతికి చిక్కినది ఒట్టి రూపము. కల్హణుడు కొలది శ్లోకములలో ముగించిన ఈ సంగతిపై నవల నిలిచియున్నది. విశ్వనాథవారు సంప్రదాయపక్షమువారు, నేను తీసిన అర్థమును వారొప్పుకొందురో లేదో! కాని గ్రంథము అచ్చైన పిమ్మట చదువరికిని కొంత హక్కు కలదుగదా.

తుమ్మెదరూపమున నుండు దేవి మనకు క్రొత్తది కాదు. శ్రీశైలమున మల్లికార్జునుని సరసన వెలసిన భ్రమరాంబ పేరు మన యిండ్లలో ఆడపిల్లలకు పెట్టుచునేయున్నాము. దక్షిణమునుండి ఉత్తరమునకు కోడలుగ వెళ్ళిన రణారంభవలెనే, మన అవ్వలును పాలమూరు, కరీంనగరముల పల్లెలు విడిచి, భాష రాని యీ ఊరికి వచ్చిరి. రాణులై కాదు, తలపై ఇటుకలు మోయుటకు వచ్చిరి. ఈ పేటకు పేరు ఆ కూలిపనివారైన కామాటీలవలననే కలిగినది.

ఇపుడు ఆ పేరు చెప్పగనే వినువారి ముఖము మారును. మన బాలికలు కళాశాలలో చేరునపుడు చిరునామా వ్రాయుటకు జంకి, గ్రాంటురోడ్డనియో నాగపాడా యనియో వ్రాయుదురు. స్త్రీదేహమును వెలకట్టిన గల్లీల ప్రక్కనే మన వాకిండ్లున్నవి. పిల్లలు చూడరనుకొనుట మన భ్రాంతి. వారు చూచుచున్నారు, అడుగుటకు మాట లేక ఊరకున్నారు. ఇట్టి కథ వారికా మాట నీయగలదు.

ఈ మాలికలోనే 'యశోవతి' యను నవల కలదు. రాజతరంగిణిలో ఆమె, శ్రీకృష్ణునితో పోరి మడిసిన దామోదరుని భార్య. గర్భవతియైన ఆమెకు కృష్ణుడు పట్టము కట్టించెను. మంత్రులు గొణిగిరి. స్త్రీని భోగవస్తువుగ చూచిన కన్నులే అటుపిమ్మట ఆమెను తల్లిగను దేవతగను చూచెనని కల్హణుడు చెప్పును. అంతకంటె మన పేటకు కావలసిన సంగతి యేమున్నది?

ఒక హెచ్చరిక మాత్రము చేయవలయును. రణాదిత్యుడు 300 సంవత్సరములు ఏలెనని రాజతరంగిణిలో నున్నది. దానిని చరిత్రయని నమ్మరాదు. విశ్వనాథవారు కోట వెంకటాచలముగారి కాలగణనను అనుసరించిరి. చరిత్రకారులు పెక్కురు దాని నంగీకరింపరు. కథను కథగను చరిత్రను చరిత్రగను చదువుట నేర్పుట ఉపాధ్యాయుని పని. ఆ భయముచేత పుస్తకమునే దాచుట సరికాదు.

భాష కఠినమన్న మాట నిజము. మరాఠీ, హిందీల నడుమ పెరిగిన మన పిల్లలు దీర్ఘసమాసము చూడగనే పుట త్రిప్పుదురు. విశ్వనాథవారికి కథ నడుమ ఆగి తర్కించు అలవాటును కలదు. అట్టి పుటలు కొన్ని విడిచినను నష్టము లేదు. పిల్లలచేత ఒంటరిగ చదివింపక, వారమున కొకనాడు తరగతిలో ఒకరు బిగ్గరగ చదువవలయును. తెలియని మాటను అవ్వ నడిగి రమ్మనవలయును. అక్షరము రాని అవ్వకును సగము మాటలు తెలిసియుండును. తక్కిన సగమునకు నిఘంటువు బీరువాలోనే యున్నది. తాళము తీయించిన చాలును.