సురేకారం నీళ్ళు

ఈ వారం నేర్చుకున్న మాట: సురేకారం. పాత గోడల మీద తెల్లగా పూస్తుంది, మందుగుండులో కలుపుతారు. అది ఒక రకం నైట్రేటే. ఫోన్‌లో "నైట్రేట్" అంటే మా అమ్మమ్మకి ఏమీ అర్థం కాలేదు. "నీళ్ళల్ల సురేకారం లాంటిది" అన్నాను. "అయ్యో, గట్లనా బిడ్డా!" అంది.

సంగతి ఇది. మా ఉనైజా ఖర్జూరాల ఊరు. తోటని ఇక్కడ మజ్రా అంటారు. (మన దగ్గర "మజరా గ్రామం" అంటారు కదా, అది కూడా ఈ అరబ్బీ మాటే. నాకు భలే సంతోషం వేసింది.) ఒక మజ్రాలో పని చేసే జగిత్యాల అన్న పోయిన శుక్రవారం అక్కావాళ్ళింటికి పెద్ద క్యానుతో బోరు నీళ్ళు తెచ్చాడు. "కొన్న నీళ్ళెందుకు తమ్మీ, ఇవి మంచిగ తియ్యగుంటయ్" అన్నాడు. అక్కకి మూడు నెలల బాబు. పాలపొడి కలిపి పడుతుంది.

నేను వద్దన్నాను. అన్న మొహం చిన్నబోయింది. అయినా వద్దనే అంటాను.

నైట్రేట్‌కి రంగు, వాసన, రుచి తెలియవు. ఇక్కడ నేల ఇసుక. చెట్లకి వేసిన యూరియాలో చెట్టు తీసుకోనిది నైట్రేట్‌గా మారి, పారించిన నీళ్ళతో కిందికి దిగిపోతుంది. 1980లలో ఈ ఖసీం ప్రాంతంలో గోధుమ విపరీతంగా పండించారు, దానికీ ఎరువు వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకి 50 మిల్లీగ్రాములు. మన దేశంలో 45. పసిపిల్లల కడుపులో నైట్రేట్ నైట్రైట్‌గా మారుతుంది, అప్పుడు రక్తం ఆక్సిజన్ సరిగా మోయలేదు, పెదవులు నీలంగా అవుతాయి. 1945లో అమెరికాలో అయోవా డాక్టర్ హంటర్ కామ్లీ దీన్ని బావి నీళ్ళతో ముడిపెట్టి రాశాడు.

"మసలబెట్టి తాగుండ్రి" అని అమ్మమ్మ సలహా. క్రిములకైతే మంచిదే. కానీ మరిగితే నీరు ఆవిరవుతుంది, నైట్రేట్ మిగులుతుంది, అంటే ఇంకా చిక్కబడుతుంది! టీడీఎస్ మీటరు కూడా ఇది చెప్పదు, మొత్తం లవణాల లెక్కే చెప్తుంది. ఆర్‌ఓ అయితే చాలావరకు తీసేస్తుంది.

అక్వేరియం షాపులో దొరికే పట్టీ ముంచి చూశాను. రంగు 50కి, 100కి మధ్యలో ఆగింది. పట్టీ లెక్క పక్కా కాదు, ల్యాబులో చూపించాలి. కానీ ఆ క్యాను మొక్కలకి పోశాం.

నాకు కోపం వచ్చేది వేరే దగ్గర. మేము కొనే సీసా మీద నైట్రేట్ ఎంతో అచ్చు వేసి ఉంటుంది. అన్న రోజూ తాగే ట్యాంకు మీద ఏమీ ఉండదు. తోట యజమాని ఏడాదికి ఒకసారి పరీక్ష చేయించి, ఆ అంకె ట్యాంకు మీద రాయాలి. అరబ్బీలో, ఉర్దూలో, తెలుగులో కూడా. పెద్దవాళ్ళకి ఏం కాదులే అంటారు కొందరు. పెద్దవాళ్ళకి ప్రమాదం తక్కువ, నిజమే. ఎంత తాగుతున్నాడో తెలుసుకునే హక్కు మాత్రం అన్నకి తక్కువ కాదు.

రేపు అన్నకి ఫోన్ చేసి పట్టీ సంగతి చెప్పాలి. "చిన్నబుచ్చుకోకు అన్నా" అనాలా, "చిన్నబోకు" అనాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.