ఏ ప్రతిలో, ఏ పుటలో?

ప్రపంచంలో ఏ మూల యుద్ధం మొదలైనా, ఎక్కడ భూమి కంపించినా, ఏ దేశంలో అంతుచిక్కని జ్వరం పుట్టినా తెలుగునాట వెంటనే వినిపించే మాట ఒక్కటే: బ్రహ్మంగారు ఏనాడో చెప్పారు. ఈ వారమూ యుద్ధవార్తల వెంబడే ఆ మాట ఫోన్ల నిండా తిరిగింది. తెర మీద కాషాయవస్త్రాల చిత్రం, వెనుక తంబుర నాదం, కింద ఒక పద్యం ఉన్నాయి గానీ ఆ పద్యం ఎక్కడిదో చెప్పే ఆధారం మాత్రం లేదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామిని గురువుగా కొలిచే కుటుంబాల విశ్వాసాన్ని తక్కువ చేయవలసిన అవసరం ఎవరికీ లేదు. అయితే 17వ శతాబ్దికి చెందిన ఒక యోగి పేరు మీద నేడు ఎవరికి తోచిన పద్యం వారు అల్లి వదలడం భక్తి కాదు, అపచారం; ఆ అపచారాన్ని అందరికన్నా ముందు భక్తులే ప్రశ్నించవలసి ఉంది.

రాబోయే కాలంలో జరగనున్న సంగతులను ముందే తెలిపే రచనకు కాలజ్ఞానమని పేరు. ఇది బ్రహ్మంగారితో మొదలైన ప్రక్రియ కాదు. విద్యారణ్యుల పేరిట చెలామణిలో ఉన్న కాలజ్ఞానాలను విజయనగర చరిత్ర రాసినవారు ఆధారాలుగా పరిశీలించారు. జరగబోయేదన్నట్లు చెప్పిన ఆ రచనలలో అప్పటికే జరిగిపోయిన రాజుల కథ దొరుకుతుంది కనుకనే అవి చరిత్రకు పనికివచ్చాయి. అంతకుముందు పురాణాలు చేసిందీ అదే. మత్స్యపురాణం ఆంధ్ర రాజుల గురించి, అంటే శాతవాహనుల గురించి, ముప్పై మంది 460 ఏళ్లు పాలించబోతున్నారని భవిష్యత్కాలంలో చెబుతుంది. ఈ కలియుగ రాజవంశ వర్ణనలన్నిటినీ పురాణ పరిశోధకుడు పార్గిటర్ 1913లో ఒకచోట చేర్చి ప్రచురించినప్పుడు ఒక సంగతి స్పష్టపడింది: నందులు, మౌర్యులు, శుంగులు, ఆంధ్రులు వరుసగా పేర్లతో, పాలనాకాలాలతో వచ్చిన తరువాత, తొలి గుప్తుల దగ్గరకు వచ్చేసరికి వర్ణన ఆగిపోయి, అక్కడినుంచి కలికాలపు కష్టాల సామాన్య వర్ణనగా మారిపోతుంది. భవిష్యవాణిగా చెప్పిన గ్రంథం ఎక్కడిదాకా పేర్లతో, అంకెలతో నడుస్తుందో, ఎక్కడ మసకబారుతుందో గమనించి, ఆ హద్దు దగ్గరే దానిని కూర్చినవారి కాలాన్ని గుర్తించడం చరిత్రకారుల పద్ధతి. దీనివల్ల పురాణం విలువ తగ్గలేదు సరికదా, శాతవాహనుల కాలనిర్ణయానికి ఈనాటికీ ఆ జాబితాలను కాదని ముందుకు పోలేకుండా ఉన్నారు.

బ్రహ్మంగారి పేరుతో వచ్చే పద్యాలలో కాలసూచన ఉన్నచోట అది చాలావరకు సంవత్సర నామం రూపంలో ఉంటుంది. ప్రభవ నుంచి అక్షయ వరకు గల అరవై పేర్లు చక్రంలా తిరుగుతాయి కనుక, శక సంఖ్య లేకుండా పేరు ఒక్కటే చెబితే అది ఏ ఆవృత్తికి చెందినదో చెప్పే వీలుండదు. బ్రహ్మంగారి కాలం నుంచి నేటివరకు ప్రతి పేరూ కనీసం ఐదు పర్యాయాలు వచ్చి వెళ్లింది. ప్లవ నామ సంవత్సరాన్నే తీసుకుంటే, 1961–62లో వచ్చిన ప్లవలో అష్టగ్రహ కూటమి భయం దేశాన్ని కుదిపింది. 2021 ఏప్రిల్ 13న మొదలైన ప్లవ కొవిడ్ రెండో దఫా విజృంభణతోనే తెల్లవారింది. దానికి ముందటి శార్వరి అయితే దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన రోజుననే, 2020 మార్చి 25న, ఉగాదిగా వచ్చింది. కష్టం లేని సంవత్సరం ఏ శతాబ్దిలోనూ లేదు కనుక, ఫలానా పేరుగల ఏట జనక్షయం జరుగుతుందని చెప్పే మాట ఏదో ఒక ఆవృత్తిలో నెరవేరక తప్పదు.

విశ్వాసులు తరచుగా ఎత్తిచూపే రుజువు మరొకటి ఉంది. ఒక వితంతువు పదహారేళ్లు దేశాన్ని ఏలుతుందన్నది ఇందిరాగాంధీ విషయంలో అక్షరాలా నిజమైందని అంటారు. ఈ వాదాన్ని కొట్టిపారేయకుండా లెక్క చూడాలి. ఆమె 1966 జనవరి 24 నుంచి 1977 మార్చి 24 వరకు, తిరిగి 1980 జనవరి 14 నుంచి 1984 అక్టోబరు 31 వరకు ప్రధానమంత్రిగా ఉన్నారు. నడుమ ఉన్న దాదాపు మూడేళ్ల విరామాన్ని తీసివేసి రెండు ముక్కలనూ కలిపితే పదహారేళ్లకు పక్షం రోజులు తక్కువ అవుతుంది. ఇంత దగ్గరగా కుదిరిన మాటకు విలువ ఉండవచ్చు. అందుకే అడగవలసిన ప్రశ్న కూడా పదునుగా ఉండాలి: 1966కు ముందు అచ్చయిన ఏ ప్రతిలో, ఏ పుటలో ఆ పదహారు అనే సంఖ్య ఉంది? ఆ పుట దొరికితే అది గొప్ప విశేషమే అవుతుంది. దొరకకపోతే, అది 1984 తరువాత ఎవరో చేసిన కూడిక అని అనుమానించక తప్పదు. 2020లో ఇల్లిల్లూ తిరిగిన ‘కోరంకి’ జబ్బు పద్యానికీ ఇదే పరీక్ష పెట్టాలి. ఈ ప్రశ్న అడిగినవారిని నాస్తికులని ముద్ర వేసి నోరు మూయించడం జరుగుతున్నదే తప్ప, 2019కి ముందటి పుస్తకం తెచ్చి పుట తెరిచి చూపే ఓపిక ఆ ప్రచారంలో ఎక్కడా కనిపించదు.

పుట చూపడం కష్టం కావడానికి కారణం సంప్రదాయ కథలోనే ఉంది. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కూర్చుని బ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారని, అందులో పద్నాలుగు వేల గ్రంథాలను పాతరలో నిక్షేపించి దానిపై చింతచెట్టు నాటారని భక్తులు చెప్పుకుంటారు. పాతరలో ఉన్నదాన్ని చూసినవారు లేరు కనుక, ఎవరు ఏ పద్యం తెచ్చినా అది అందులోనిదే కావచ్చునని నమ్మడానికి దారి తెరిచే ఉంటుంది. సినిమా ఆ దారిని మరింత వెడల్పు చేసింది. 1984లో ఎన్.టి. రామారావు తీసి నటించిన బ్రహ్మంగారి చరిత్ర చిత్రం తరువాత, తెర మీద విన్నదానికీ గ్రంథంలో ఉన్నదానికీ మధ్య గీత సామాన్య ప్రేక్షకుల మనసుల్లో దాదాపు చెరిగిపోయింది.

తేదీ చెప్పి మరీ భయపెట్టిన భవిష్యవాణి నిలిచిందా అన్నదానికి భారతీయుల అనుభవంలోనే 1962 ఫిబ్రవరి ఉంది. సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, వీరితో కేతువు మకర రాశిలో కలిసే అష్టగ్రహ కూటమి ఆ నెల మొదటివారంలో ఏర్పడుతున్నదని, అది ప్రళయానికి సూచన అని జ్యోతిష్కులు ప్రకటించారు. దేశమంతటా హోమాలు, యజ్ఞాలు, అఖండ నామసంకీర్తనలు జరిగాయి. ప్రయాణాలు, పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. ప్రళయం రాలేదు. అప్పుడు కొందరు యజ్ఞాల వల్లనే గండం తప్పిందని అన్నారు. అక్టోబరులో చైనా దాడి జరగగానే మరికొందరు కూటమి ఫలితం ఇదేనని అన్నారు. జరగకపోతే శాంతి ఫలించింది, ఎనిమిది నెలలకు వేరొకటి జరిగితే జోస్యం ఫలించింది. తప్పే అవకాశాన్ని ఈ విధంగా ముందుగానే తొలగించుకున్న మాటను నిజమని గానీ అబద్ధమని గానీ నిరూపించడం సాధ్యం కాదు. నిరూపణకు లొంగని మాటను ఆధారం చేసుకుని ఒక కుటుంబం పెళ్లి వాయిదా వేసుకోవడం, ఒక రైతు గొడ్లు అమ్ముకోవడం మాత్రం నిజమైన నష్టాలు.

తేదీ చెప్పిన జోస్యం వేరే దేశంలోనూ ఇలాగే తప్పింది. అమెరికాలో విలియం మిల్లర్ అనే మతబోధకుడు బైబిలు లెక్కల ఆధారంగా క్రీస్తు పునరాగమనం దగ్గరపడిందని ప్రకటించగా, ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22ను ఆ దినంగా నిశ్చయించుకుని రాత్రంతా ఎదురుచూశారు. తెల్లవారిన తరువాత ఉద్యమం చీలిపోయింది; మిల్లర్ తన పొరపాటును ఒప్పుకున్నాడు. అనుచరులలో ఒక వర్గం ఆ తేదీకి వేరే అర్థం చెప్పుకుని 1863లో సెవెంత్‌డే అడ్వెంటిస్ట్ సంఘంగా ఏర్పడి, పాఠశాలలు, ఆసుపత్రులు కట్టింది. నూజివీడులోని గిఫర్డ్ ఆసుపత్రి ఆ సంఘానిదే. విఫలమైన జోస్యం నుంచి సేవ పుట్టవచ్చుననడానికి ఇంత దగ్గరి ఉదాహరణ తెలుగువారికి మరొకటి లేదు. దాన్నిబట్టి జోస్యాన్ని సమర్థించలేము గానీ, విశ్వాసులందరినీ అజ్ఞానులుగా చూసే హేతువాదుల తొందరపాటుకు అది తగిన జవాబు.

కాలజ్ఞానం విషయంలో అసలు కొరత పాఠపరిష్కరణలో ఉంది. ఒక గ్రంథానికి దొరికిన ప్రతులన్నిటినీ సేకరించి, వాటి కాలాన్ని, పరస్పర సంబంధాన్ని నిర్ణయించి, పాఠభేదాలను అడుగున చూపుతూ, తరువాతివారు చేర్చిన ప్రక్షిప్తాలను వేరుచేసి ముద్రించడమే పాఠపరిష్కరణ. బ్రహ్మంగారి మఠం నెలకొన్న కందిమల్లయపల్లె ఉన్న కడప జిల్లాలోనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి ప్రతులను సేకరింపజేశాడు. ఆయన ప్రతులను పోల్చి ఎంపిక చేసిన వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. దాదాపు రెండు శతాబ్దాల తరువాత, అంతకన్నా ఎక్కువగా ప్రజల నోళ్లలో నానుతున్న కాలజ్ఞానం మాత్రం బస్టాండు దుకాణాలలో, ఒక ప్రచురణకూ మరొక ప్రచురణకూ పొంతన లేకుండా, ప్రతి ఎక్కడిదో చెప్పని ముఖపత్రంతో అమ్ముడవుతున్నది. తాటాకు ప్రతి శాశ్వతం కాదు. గంటంతో గీసిన అక్షరంలో నింపిన మసి రాలిపోతుంది, అంచులు పొడి అవుతాయి, పురుగు తొలిచిన రంధ్రం ఒక ఆకు నుంచి పది ఆకుల వరకు సూటిగా పోయి ఒకే చోట పది అక్షరాలను తినేస్తుంది; నిమ్మగడ్డి నూనె పట్టించి, దారం మార్చి, ఛాయాచిత్రం తీసే మనిషి సకాలంలో రాకపోతే ఆ పది అక్షరాలు తిరిగి రావు. ఆ మఠం పీఠాధిపత్య వివాదాలకు దొరికిన శ్రద్ధలో పదోవంతు ఈ ఆకులకు దొరికినా బ్రహ్మంగారు నిజంగా ఏమి చెప్పారో తెలిసేది. కులభేదాన్ని కాదని, దూదేకుల సిద్ధయ్యను ప్రధాన శిష్యునిగా స్వీకరించిన గురువు బోధ ఏమిటో తెలుసుకోవలసిన సమాజం, ఆయనను యుద్ధవార్తల వ్యాఖ్యాతగా కుదించుకోవడం బాధాకరం.

ఈ కుదింపు ఎంత ప్రమాదకరమో బెజవాడ చూసింది. కృష్ణమ్మ ఉప్పొంగి ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ ముక్కుపుడకను తాకుతుందన్న జోస్యం వరద వచ్చిన ప్రతిసారీ పైకి వస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.40 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కూడా వచ్చింది. అమ్మవారి కొండను నది తాకలేదు. కానీ అదే వేళ బుడమేరు వాగు కట్టకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. బుడమేరు సంగతి చెప్పడానికి యోగదృష్టి అవసరం లేదు. వెలగలేరు దగ్గరి రెగ్యులేటరు నుంచి మళ్లించిన నీరు డైవర్షన్ ఛానల్ ద్వారా ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలవాలి. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఆ నీరు లోపలికి పోలేక వెనక్కి తన్నుతుంది. కొల్లేరు వైపు పోయే పాత దారిలో ఇళ్లు లేచాయి. ఈ మూడు విషయాలూ నీటిపారుదల ఇంజనీర్లకు ఏళ్లుగా తెలుసు.

ప్రాణాలు కాపాడే ముందస్తు సూచన ఎలా ఉంటుందో తుపానులు చూపాయి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు, అది తీరం దాటే చోటు ముందే తెలిసినందున, లక్షలాది మందిని తరలించగలిగారు, ప్రాణనష్టం వందకు లోపే ఉంది. వాతావరణ శాఖ తుపాను దారిని గీసేటప్పుడు తన అంచనా ఎంతమేర తప్పవచ్చో కూడా అదే పటంలో గీసి చూపుతుంది, తప్పితే మరుసటి ఏడు సరిదిద్దుకుంటుంది. బుడమేరు విషయంలో అటువంటి పటం జనం చేతికి అందలేదు. డైవర్షన్ ఛానల్ ఎంత నీటిని మోయాలో, ప్రస్తుతం ఎంత మోయగలదో, కట్ట ఏయే చోట్ల బలహీనంగా ఉందో, పాత వాగు వెడల్పు రికార్డులో ఎంత, నేల మీద ఎంతో, వచ్చే వానాకాలానికి ముందు సింగ్‌నగర్, పాయకాపురం వార్డు సచివాలయాల గోడల మీద తేదీతో, సంతకం చేసిన ఇంజనీరు పేరుతో తెలుగులో రాసి ఉంచాలి.