జోష్ అలెన్: చీఫ్స్ చేతిలో నాలుగు ప్లేఆఫ్ ఓటములు.. తప్పంతా క్వార్టర్‌బ్యాక్‌దేనా?

అమెరికన్ ఫుట్‌బాల్ ఫ్యాన్స్ మధ్య ఏళ్లుగా తెగని పంచాయితీ ఇది. బఫెలో బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జోష్ అలెన్ 2024 సీజన్‌కు ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంవీపీ. సాధారణ సీజన్‌లో 2021 నుంచి 2024 దాకా కాన్సస్ సిటీ చీఫ్స్‌పై వరుసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచాడు. కానీ ప్లేఆఫ్స్‌లో సీన్ రివర్స్. 2021, 2022, 2024, 2025 జనవరి నెలల్లో అదే చీఫ్స్ చేతిలో నాలుగుసార్లు ఓటమి. దీంతో 'పెద్ద మ్యాచ్ అంటే తడబడతాడు' అనే ముద్ర పడింది. ఇందులో నిజమెంత?

13 సెకన్లలో తారుమారు

2022 జనవరి 23నే తీసుకుందాం. అలెన్ 329 యార్డ్‌లు, 4 టచ్‌డౌన్ పాస్‌లు. ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా లేదు. ఇంకా 13 సెకన్లే ఉన్నాయి, బిల్స్ 36-33 ఆధిక్యంలో ఉంది. అయినా బిల్స్ డిఫెన్స్ రెండు పాస్‌లకే 44 యార్డ్‌లు ఇచ్చేసింది. ఫీల్డ్ గోల్‌తో స్కోరు సమం. ఓవర్‌టైమ్ టాస్ చీఫ్స్‌దే. తొలి అవకాశంలోనే టచ్‌డౌన్ కొట్టి 42-36తో గెలిచేసింది. ఓవర్‌టైమ్‌లో అలెన్ చేతికి బంతే రాలేదు! ఆ తర్వాత రెండు నెలలకే ఎన్‌ఎఫ్‌ఎల్ రూల్ మార్చింది. ప్లేఆఫ్ ఓవర్‌టైమ్‌లో రెండు జట్లకూ బంతి దక్కాల్సిందేనని తేల్చింది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ఈ ఆటలో దాడి చేసే ఆటగాళ్లు వేరు, అడ్డుకునేవాళ్లు వేరు. ప్రత్యర్థి చేతిలో బంతి ఉన్నంతసేపూ క్వార్టర్‌బ్యాక్ బయట కూర్చోవాల్సిందే. నాలుగు ఓటముల్లో చీఫ్స్ చేసిన పాయింట్లు 38, 42, 27, 32. అంటే సగటున దాదాపు 35. బిల్స్ సగటు 28. క్రికెట్‌లో బ్యాటర్ సెంచరీ కొట్టాక బౌలర్లు స్కోరును కాపాడలేకపోతే ఓటమిని బ్యాటర్ ఖాతాలో వేస్తామా? ఇక్కడ మాత్రం గెలుపోటముల రికార్డు నేరుగా క్వార్టర్‌బ్యాక్ పేరు మీదే రాస్తారు. అసలు చిక్కంతా అక్కడే.

2024లోనూ అంతే. 27-24తో వెనుకబడ్డ బిల్స్‌కు చివరి రెండు నిమిషాల్లో స్కోరు సమం చేసే ఛాన్స్ వచ్చింది. టైలర్ బాస్ కొట్టిన 44 యార్డ్‌ల ఫీల్డ్ గోల్ కుడివైపుకు వెళ్లిపోయింది.

అలా అని క్లీన్‌చిట్ ఇవ్వలేం

విమర్శకుల మాటలోనూ పస ఉంది. 2021లో బిల్స్ 38-24తో చిత్తుగా ఓడింది. ఆ రోజు అలెన్ తన స్థాయిలో ఆడలేదు. 2024లో ఫీల్డ్ గోల్ దాకా రాకుండా టచ్‌డౌన్‌తోనే మ్యాచ్ ముగించే అవకాశం అతడి చేతిలోనే ఉంది. 2025లో ఫోర్త్ డౌన్‌లో ఒక్క యార్డ్ కోసం దూసుకెళ్లి ఆగిపోయాడు. ఆఖర్లో 32-29తో వెనుకబడి బంతి చేతికొచ్చినా గట్టెక్కించలేకపోయాడు.

ఎవరి వాటా ఎంత?

నాలుగింటినీ ఒకే గాటన కట్టడమే పొరపాటు. 2022 ఓటమి అలెన్‌ది కానే కాదు. 2021లో అతడి వాటా ఎక్కువే. మిగతా రెండింటిలో చివరి ఛాన్స్ వదులుకున్నాడు నిజమే.. కానీ మ్యాచ్‌ను ఆ చివరి ఛాన్స్ దాకా లాక్కొచ్చింది కూడా అతడే. ప్రతి జనవరిలో 35 పాయింట్లకు పైగా కొడితేనే గెలుపు అనే పరిస్థితి ఉంటే, ముందు సరిచేసుకోవాల్సింది బిల్స్ డిఫెన్స్‌నే.