యంత్రం మారితే ఆట మనది కాదా?

ఎమిరేట్స్‌లో ఉద్యోగం ముగించుకొని వెళ్ళిపోయే కుటుంబం సామాను సర్దుకోవడం మనలో ఎవరికీ కొత్త దృశ్యం కాదు. మిక్సీ, టీవీ, చీరల పెట్టె, పిల్లల సైకిలు, అన్నీ కార్గో పెట్టెల్లోకి ఎక్కి హైదరాబాదుకో, విజయవాడకో చేరుకుంటాయి. పిల్లలు పుట్టినరోజు కానుకలుగా వచ్చిన దిర్హములతో ఒక్కొక్కటిగా కొనుక్కున్న వీడియో ఆటలు మాత్రం ఏ పెట్టెలోనూ పట్టవు. అవి డిస్కులు కావు, ఇంటర్నెట్ ద్వారా యంత్రంలోకి దింపుకున్నవి. వాటిలో కొన్ని మన వెంట వస్తాయి, కొన్ని రావు. రానివాటికి కారణం కొంత శాస్త్రసంబంధమైనది, కొంత కేవలం వ్యాపారసంబంధమైనది. ఈ రెండింటినీ విడదీసి చూడవలసిన అవసరం ఉన్నదని నా అభిప్రాయం.

ఒకప్పుడు ఘంటసాల భగవద్గీత క్యాసెట్టు ఒక ఇంట కొంటే నాలుగిళ్ళు తిరిగేది. ఎవరి అనుమతీ అక్కరలేదు. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ఇటువంటి విషయమే విచారించింది. ఒక డాలరుకు తక్కువగా అమ్మరాదని ప్రచురణకర్త పుస్తకంలోనే అచ్చువేయించగా, ఒక దుకాణం దానిని 89 సెంట్లకు అమ్మింది. ఒకసారి అమ్మిన పుస్తకాన్ని తిరిగి అమ్మే ధరపై ప్రచురణకర్తకు పెత్తనం లేదని కోర్టు తీర్పు చెప్పింది. దింపుకున్న ఆట విషయంలో మనం పుచ్చుకొనేది వస్తువును కాదు, దానిని వాడుకొనే లైసెన్సును మాత్రమే. తీర్పులోని సూత్రం అక్కడే జారిపోతుంది.

ఆ లైసెన్సు పనిచేసే తీరు ఆసక్తికరం. 2006లో వచ్చిన నింటెండో వీ యంత్రాన్నే తీసుకుందాం. ప్రతి యంత్రానికీ కర్మాగారంలోనే ఒక ప్రత్యేక సంఖ్యను, ఒక రహస్య సంకేతాన్ని ఇస్తారు. ఆట కొన్నప్పుడు దానితోపాటు ఆ యంత్రం పేరిట ఒక ‘టికెట్టు’ వస్తుంది. ఆటను ఎస్‌డీ కార్డులోకి ఎక్కించి పక్కింటి వీలో పెడితే, టికెట్టు మీది సంఖ్యకూ యంత్రం సంఖ్యకూ పొత్తు కుదరక అది తెరుచుకోదు. 2012లో వీ యూ వచ్చినప్పుడు పాత కొనుగోళ్ళను దానిలోకి మార్చుకొనే సదుపాయం కల్పించారు. అయితే పాత, కొత్త యంత్రాలు రెండూ ఇంటర్నెట్‌కు కలిపి ఎదురుగా ఉండాలి, పైగా ఒకసారి వెళ్ళినది వెనుకకు రాదు. 2011 నాటి త్రీడీఎస్‌లోనూ రెండు యంత్రాలూ పనిచేస్తూ ఉండాలి, ఒకే ప్రాంతానికి చెందినవై ఉండాలి. దుబాయి బజారులో అమెరికా సరుకు, ఐరోపా సరుకు పక్కపక్కనే అమ్మిన కాలమది. ఒకే ఇంట అన్న యంత్రం ఒక ఖండానిది, చెల్లెలిది మరొక ఖండానిది కావడంలో వింత లేదు. 2019 జనవరి 30న వీ అంగడి మూతపడింది. 2023 మార్చి 27న త్రీడీఎస్, వీ యూ అంగళ్ళలో అమ్మకాలు ఆగిపోయాయి.

ప్రాసెసరు చిక్కు వేరు. 2006 నాటి ప్లేస్టేషన్ 3లో ఉన్నది సోనీ, తోషిబా, ఐబీఎం కలిసి రూపొందించిన సెల్ ప్రాసెసరు. 2013 నాటి ప్లేస్టేషన్ 4లో ఉన్నది సామాన్య కంప్యూటర్ల జాతికి చెందిన ఏఎండీ ప్రాసెసరు. మొదటిదాని భాష రెండవదానికి అర్థం కాదు గనుక పాత ఆటలు కొత్త యంత్రంలో నేరుగా నడవలేదు. ఇది నిజమైన కష్టమే, ఒప్పుకుందాం. అయినా అసాధ్యమేమీ కాదు. ఎక్స్‌బాక్స్ 360 ఆటలను వందల సంఖ్యలో ఎక్స్‌బాక్స్ వన్‌పై నడిపించే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2015లోనే మొదలుపెట్టింది.

ఏ శాస్త్రమూ సమర్థించలేని ముడి దేశం ముడి. ప్లేస్టేషన్ ఖాతాను తెరిచేటప్పుడు ఏ దేశం ఎంచుకుంటే జీవితాంతం అదే దేశం, మార్చుకొనే వీలు లేదు. యూఏఈ ఖాతాతో కొన్న ఆటలు హైదరాబాదులోనూ ఆడతాయి, కాదనను. అయితే కొత్తవి కొనాలంటే యూఏఈ కార్డో, యూఏఈ గిఫ్టు కార్డో కావాలి. ఇక్కడి బ్యాంకు ఖాతా మూసి వెళ్ళిన తండ్రి అది ఎక్కడినుండి తెచ్చేది? భారతదేశపు ఖాతా కొత్తగా తెరిస్తే పాత ఆటలు అందులోకి రావు. ఒక ప్రాంతపు డిస్కుకు మరొక ప్రాంతపు ఖాతాలో కొన్న అనుబంధ భాగాలు సాధారణంగా అతకవు కూడా. ఇదేమన్నా సాంకేతిక అవసరమా అంటే, కానే కాదు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో మూడు నెలలకొకసారి దేశం మార్చుకోవచ్చు. నింటెండో ఖాతాలోనూ, నిలువ సొమ్ము లేకుంటే, మార్చుకోవచ్చు. పుట్టిన ఊరిలోనే బ్రతుకు గడిపేవానికి ఈ నిబంధన కనబడనే కనబడదు. నివాసమే వీసా గడువుతో ముడిపడిన మనవంటివారికి అది తగలక తప్పదు. కొత్త దేశపు నివాస పత్రం చూపినవారికి ఖాతాను మొత్తంగా బదిలీ చేయాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

కొంత కదలిక లేకపోలేదు. 2025లో నింటెండో ప్రవేశపెట్టిన వర్చువల్ గేమ్ కార్డు పద్ధతిలో దింపుకున్న ఆటను ఒక స్విచ్ నుండి మరొకదానికి మార్చవచ్చు, కుటుంబ బృందంలోని వారికి రెండు వారాలు అరువూ ఇవ్వవచ్చు. యంత్రానికి ముడివేయకుండానే చౌర్యాన్ని అరికట్టవచ్చునని దీనితో తేలిపోయింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, లైసెన్సు మాత్రమే ఇస్తూ ‘కొనండి’ అని వ్రాసే అంగడి ఆ సంగతి స్పష్టంగా చెప్పి తీరాలి. యూఏఈలోనూ 2023లో ఆధునిక సాంకేతిక మాధ్యమాల ద్వారా సాగే వ్యాపారంపై ఫెడరల్ చట్టం వచ్చింది. అరబ్బీలోనూ ఆంగ్లంలోనూ ధర పక్కనే అటువంటి ఒక్క వాక్యం వ్రాయించడం ప్రభుత్వానికి కష్టమైన పని కాదు.

అంతవరకు తల్లిదండ్రులు చేయగలిగినది కొంత ఉన్నది. ఎక్కువకాలం ఆడదలచిన ఆటను డిస్కుగా కొనడం మేలు. అయితే పెట్టెలో ఉన్నది ఆటేనా, లేక దింపుకోవడానికి తాళంచెవి మాత్రమేనా అని అట్టపై చదివి మరీ కొనాలి, స్విచ్ 2కు ఇప్పుడు అటువంటి కార్డులు కూడా వస్తున్నాయి. పాత యంత్రాన్ని అమ్మేముందే అందులోనివి కొత్తదానికి మార్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఖాతాకు ధ్రువీకరణ సంఖ్యలు వచ్చే ఫోను ఎమిరేట్స్ ఐడీపై తీసుకున్నదైతే, వీసా రద్దుకు కాగితాలు ఇచ్చేముందే ఆ నంబరు స్థానంలో వెంట వచ్చే నంబరును చేర్చుకోవాలి.